బిడ్డ దక్కింది కదా, ఇంకా కన్నీరెందుకు?

కొంతకాలం క్రితం ఒక జుమా నాడు నమాజు ముగిసి జనం వెళ్లిపోయాక ఒక యువకుడు మా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఖమ్మం నుండి భద్రాచలం వెళ్లే దారిలో, అడవి మొదలయ్యే చోట ఉన్న ఒక ఊరు అతనిది. ఆటో నడుపుకుంటాడు. ఇంట్లో కూతురు పుట్టి నెల కావస్తోందని మాకు తెలుసు. బిడ్డ కొన్ని రోజులు ఆసుపత్రిలోనే ఉండటం వల్ల అఖీఖా ఆగిపోయింది. దాని సంగతి అడగడానికి వచ్చాడనుకున్నాం. అతను అడిగింది వేరు.

“మౌలానాగారూ, పాప బాగానే ఉంది, అల్‌హందులిల్లాహ్. కానీ మా ఇంట్లో మనిషి రాత్రిళ్లు లేచి కూర్చుని ఏడుస్తోంది. మా అమ్మీ ఏమో ‘బిడ్డ దక్కింది గదా, ఇంకా ఏడిస్తే నాషుక్రీ అయితది’ అంటోంది. అట్లా ఏడవడం నిజంగా పాపమా?”

జరిగినదంతా చెప్పాడు. తొమ్మిదో నెలలో భార్యను మూడుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ప్రతిసారీ ఉదయం చీటీ రాయించుకుంటే అసర్ వేళకు గాని పిలుపు రాలేదు. బల్లలు చాలక ఆమె నేల మీదే కూర్చుంది. మూడోసారి వెళ్లినప్పుడు, బిడ్డ కదలికలు రెండు రోజులుగా తగ్గాయని ఆమె చెప్పింది. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. ‘నొప్పులు వచ్చాక రండి’ అని పంపించేశారు. మరునాటి రాత్రి నొప్పులు వచ్చాయి. మళ్లీ అక్కడికే వెళ్తే ‘నిన్నటిదాకా ఏం చేశారు?’ అని కసిరారు. బిడ్డ పుట్టగానే ఏడవలేదు. నవజాత శిశువుల విభాగంలో తొమ్మిది రోజులు ఉంచవలసి వచ్చింది. అల్లాహ్ దయ తలిచాడు, ఇప్పుడు బిడ్డ పాలు తాగుతోంది.

విన్నాం. విని, మాకు అలవాటైన జవాబే చెప్పాం. సబర్ వహించమనండి, రెండు రకాతుల షుక్రానా నమాజు చదవమనండి అన్నాం. అతను తల వూపి వెళ్లిపోయాడు. మరుసటి జుమాకు ఆ సోదరి పంపిన జవాబు పట్టుకొచ్చాడు. “నేను అల్లాహ్ మీద ఫిర్యాదు చేయడం లేదు. నా మాట వినని మనుషుల గురించి చెబుతున్నాను. ఆ రెండూ మౌలానాగారికి ఒకటిగా ఎట్లా కనబడ్డాయి?”

నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న మమ్మల్ని చాలా రోజులు వదలలేదు. మేము ఆమెకు అన్యాయం చేశామని అర్థమైంది. ఆసుపత్రిలో ఆమె మాట వినలేదు, మసీదులో మేమూ వినలేదు. ఈ వ్యాసం ఆ సోదరికి మేము బాకీపడ్డ జవాబు. ఆమెలాంటి స్త్రీలు మన పాఠకుల ఇళ్లల్లో ఇంకా ఉంటారు కనుక దీన్ని పత్రికాముఖంగా ఇస్తున్నాం.

ఈ రద్దీ ఎక్కడి నుండి వచ్చింది?

తీర్పు చెప్పేముందు పరిస్థితి తెలుసుకోవాలి. మన నానమ్మల కాలంలో ఈ ప్రాంతంలో కాన్పు ఇంట్లోనే జరిగేది. మంత్రసాని వచ్చేది. కాన్పు అడ్డం తిరిగితే ఎడ్లబండి, లేదంటే మంచం. ఎందరు తల్లులు దారిలోనే కన్నుమూశారో లెక్క రాసినవారు లేరు. 2005లో జననీ సురక్షా యోజన వచ్చింది, ఆశా కార్యకర్తల ఏర్పాటు మొదలైంది. అదే ఏడాది ఆగస్టు 15న అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో 108 అంబులెన్సులు రోడ్డెక్కాయి. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రభుత్వాసుపత్రిలో కాన్పు అయిన తల్లులకు కిట్‌తో పాటు నగదు సాయం ఇచ్చే పథకం ప్రారంభించింది. ఆసుపత్రికి రండి, ఆసుపత్రిలోనే కనండి అని అందరూ చెప్పారు. జనం విన్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. దేశంలో లక్ష కాన్పులకు 97 మంది తల్లులు మరణించిన 2018-20 కాలంలో తెలంగాణలో ఆ సంఖ్య 43. ఇది అల్లాహ్ అనుగ్రహం, ఎందరో ఉద్యోగుల శ్రమ ఫలం. దీన్ని కాదనడం కృతఘ్నత.

అయితే పిలిచిన చోటికి అందరూ వచ్చారు గాని, వచ్చినవారందరికీ సరిపడా చేతులు అక్కడ లేవు. ముఖ్యంగా మన అటవీ సరిహద్దులో. భద్రాచలం పట్టణాన్నే చూడండి. అక్కడి ప్రభుత్వ ఏరియా ఆసుపత్రికి చర్ల, దుమ్ముగూడెం మండలాల నుండే కాదు, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు, కూనవరం, వీఆర్ పురం నుండీ వస్తారు. ఛత్తీస్‌గఢ్ నుండీ, ఒడిశా నుండీ వస్తారు. రోడ్డు లేని గూడెం నుండి కోయ స్త్రీని డోలీలో మోసుకుని వాగు దాటించి, అక్కడి నుండి అంబులెన్సు ఎక్కిస్తారు. గోదావరికి వరద వస్తే ఉన్న దారులూ మూసుకుపోతాయి. 2022 జూలై 16న భద్రాచలం వద్ద నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే జారీ చేస్తారన్నది గుర్తుంచుకుంటే ఆ వరద ఎంతటిదో తెలుస్తుంది. అలాంటి రోజుల్లో నెలలు నిండిన స్త్రీ అవతలి ఒడ్డున ఉంటే ఆ కుటుంబం గతేమిటి?

డబ్బు పెట్టగలిగినవారు ప్రైవేటు వైపు పరుగెత్తుతారు. అదే సర్వేలో తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల కాన్పుల్లో నూటికి 81 పైగా సిజేరియన్లే అని తేలింది. ఇన్ని కోతలూ అవసరమై జరిగినవేనా అని ఎవరికైనా సందేహం కలుగుతుంది. అంటే ఒకచోట చూసే తీరిక లేదు, మరోచోట ఆగే ఓపిక లేదు. మధ్యలో తొమ్మిదో నెల మోస్తున్న తల్లి నిలబడి ఉంది.

బాధపడటం నాషుక్రీ అవుతుందా?

సోదరి అడిగిన మొదటి ప్రశ్న ఇదే. ఖుర్ఆన్‌లో కాన్పు నొప్పుల ప్రస్తావన ఎక్కడుందో ఒకసారి గుర్తు చేసుకోండి. సూరహ్ మర్యమ్‌లో ఉంది. హజ్రత్ మర్యమ్ (అలై) అల్లాహ్ ఎన్నుకున్న స్త్రీ. ఆమె గర్భం దైవసంకల్పం వల్ల కలిగింది, పుట్టబోయేది దైవప్రవక్త. అయినా నొప్పులు ఆమెను ఒక ఖర్జూరపు చెట్టు మొదలు దగ్గరికి చేర్చినప్పుడు, ఒంటరితనంలో ఆమె నోటి నుండి వెలువడింది షుక్రానా కాదు. దీనికంటే ముందే చనిపోయి, అందరూ నన్ను మరచిపోయి ఉంటే బాగుండేదన్న ఆవేదన వెలువడింది. అల్లాహ్ ఆ మాటను మన ముందుంచాడు, దాచలేదు. దానికి మందలింపూ రాలేదు. దుఃఖించవద్దన్న ఓదార్పు వచ్చింది. కాళ్ల దగ్గరే నీటి ఊట, తల మీద పండిన ఖర్జూరాలు, తినమనీ తాగమనీ కళ్లు చల్లబరచుకోమనీ చెప్పిన పిలుపు వచ్చాయి.

సోదరులారా, ఇక్కడ క్రమాన్ని గమనించండి. నొప్పులు పడుతున్న స్త్రీకి అల్లాహ్ ముందు ఇచ్చింది ఓదార్పు మాట. తర్వాత నీళ్లు, ఆహారం. జనానికి ఏం జవాబు చెప్పాలన్న ఉపదేశం ఆ తర్వాతే వచ్చింది. మేము ఆ యువకుడికి ఉపదేశం ముందు చెప్పి, ఓదార్పు చెప్పడమే మరిచాం.

ఇక హజ్రత్ యాఖూబ్ (అలై) సంగతి. సుందరమైన సహనం అన్న మాట ఆయన నోటి నుండే మనకు తెలుసు. అదే ప్రవక్త కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి చూపు పోగొట్టుకున్నారు. తన దుఃఖాన్నీ వ్యధనూ అల్లాహ్‌కే మొరపెట్టుకుంటున్నానని ఇంటివారికి చెప్పారు. కన్నీరు సహనానికి విరుద్ధమైతే ఆయన సహనం సుందరమైనది ఎలా అవుతుంది? సబర్ అంటే బాధ లేకపోవడం అని మనం పొరబడుతున్నాం. బాధలో కూడా అల్లాహ్ పట్ల దురభిప్రాయం రాకుండా చూసుకోవడం, హద్దు మీరిన మాటా పనీ చేయకుండా ఉండటం సబర్. బిడ్డ బతికినందుకు షుక్ర్, తన మాట ఎవరూ విననందుకు బాధ, ఈ రెండూ ఒకే హృదయంలో ఉండవచ్చు. మొదటిది ఉందని రెండోది అబద్ధమైపోదు.

కాన్పు తర్వాత కొందరు తల్లుల్లో ఈ దుఃఖం వారాల తరబడి తగ్గకుండా ఉంటుందనీ, నిద్ర, ఆకలి, బిడ్డ మీద ధ్యాస దెబ్బతింటాయనీ వైద్యులు చెబుతారు. అది ఈమాన్ తగ్గడం కాదు. దానికి వైద్యముంది. అత్తగార్లు ఈ మాట గుర్తుంచుకోవాలి. అలాంటి కోడలికి ‘నాషుక్రీ’ అన్న బిరుదు ఇవ్వడం గాయం మీద కారం చల్లడమే.

తఖ్‌దీర్ ఎవరికి ఓదార్పు?

రెండో ప్రశ్న మరింత లోతైనది. అంతా అల్లాహ్ రాత అయినప్పుడు ఎవరినైనా తప్పుపట్టడం ఎందుకు?

తఖ్‌దీర్ మీద విశ్వాసం ఈమాన్‌లో భాగం. అందులో సందేహానికి తావు లేదు. కానీ ఆ విశ్వాసాన్ని ఎవరు, ఎప్పుడు, దేని కోసం వాడుతున్నారన్నది చూడాలి. కష్టం వచ్చిపడ్డాక బాధితుడు ‘ఇది నా ప్రభువు నిర్ణయం’ అనుకుంటే హృదయం కుదుటపడుతుంది. బాధ్యత ఉన్నవాడు తన నిర్లక్ష్యానికి అదే మాట అడ్డం పెట్టుకుంటే అది ఈమాన్ కాదు, సాకు. ఒకే మాట ఒకరి నోట ఇబాదత్, మరొకరి నోట బుకాయింపు.

హజ్రత్ ఉమర్ (రజి) సిరియా వైపు ప్రయాణిస్తుండగా అక్కడ ప్లేగు వ్యాపించిందని తెలిసింది. సహచరులతో సంప్రదించి వెనుదిరగాలని నిర్ణయించారు. అల్లాహ్ నిర్ణయం నుండి పారిపోతారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. అల్లాహ్ ఒక నిర్ణయం నుండి మరో నిర్ణయం వైపే వెళ్తున్నామని హజ్రత్ ఉమర్ (రజి) బదులిచ్చారు. సహీహ్ బుఖారీలోని ఈ ఉదంతం పిల్లలకు కూడా తెలుసు. దాని అర్థం ఆసుపత్రి గడప దగ్గర మరచిపోతున్నాం. తల్లి చెప్పిన మాట విని వెంటనే పరీక్ష చేయడం కూడా తఖ్‌దీర్‌లోని మార్గమే. ఆ మార్గం తెరిచి ఉండగా నడవనివాడు రాత మీద నెపం వేయలేడు.

మన షరీఅత్ వైద్యం విషయంలో జవాబుదారీని ఎంత స్పష్టంగా పెట్టిందో చూడండి. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని దైవప్రవక్త (సఅసం) ప్రవచించినట్లు అబూ దావూద్‌లో ఉంది. మీలో ప్రతి ఒక్కరూ కాపరే, ప్రతి ఒక్కరూ తన మంద గురించి ప్రశ్నించబడతారన్న హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. అంతా రాతే కనుక ఎవరినీ అడగనక్కర్లేదంటే, ఖియామత్ నాడు ఆ ప్రశ్న ఎందుకు?

తప్పు ఎవరిది?

అయితే ఆ రాత్రి కసిరిన నర్సును దోషిగా నిలబెట్టవచ్చా? తొందరపడవద్దు. ఆ యువకుడే మాకు ఇంకో మాట చెప్పాడు. ఆ రాత్రి కాన్పుల గదిలో ఐదుగురు స్త్రీలు నొప్పులతో ఉన్నారు. చూసుకోవడానికి ఒక నర్సు, ఒక ఆయా. నర్సు బల్ల మీద టిఫిను డబ్బా ఉంది. సాయంత్రం చూసినప్పుడు మూత పెట్టి ఉంది, తెల్లవారుజామున చూసినప్పుడూ అట్లాగే ఉంది. బిడ్డ ఏడవకపోతే ఊపిరి అందించే పని మొదలుపెట్టింది కూడా ఆమెనే.

న్యాయం చెప్పేవాడు ఈ రెండు సాక్ష్యాలనూ వినాలి. ఒక వర్గం మీద కోపం మిమ్మల్ని న్యాయం తప్పేలా చేయకూడదన్నది సూరహ్ మాయిదాలోని ఆదేశం. కనుక జరిగినదాన్ని మూడు భాగాలు చేసి చూడాలి.

మొదటిది, చేయగలిగి ఉండీ చేయనిది. ‘బిడ్డ కదలడం లేదు’ అన్న తల్లి మాట ఒక్క నిమిషం ఆగి వినడానికి కొత్త భవనం అవసరం లేదు. కసరకుండా మాట్లాడటానికి నిధుల మంజూరు అవసరం లేదు. ఇక్కడ వ్యక్తి బాధ్యత ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ప్రత్యేక ప్రకటన చేసి, కాన్పు సమయంలో స్త్రీని అవమానించడం ఆమె హక్కుల ఉల్లంఘన అని చెప్పింది. నొప్పుల్లో ఉన్న మర్యమ్ (అలై)కు మొదట ఓదార్పు మాట పంపిన ప్రభువును నమ్మేవారికి ఈ సంగతి కొత్తగా అనిపించదు.

రెండోది, చేయాలని ఉన్నా చేయలేనిది. ఒకే నర్సు ఐదు మంచాల దగ్గర ఒకేసారి ఉండలేదు. అల్లాహ్ ఏ ప్రాణి మీదా దాని శక్తికి మించిన భారం మోపడు. మనం ఆమె మీద మోపి, మోయలేకపోయిందని తిట్టడం ఏ న్యాయం?

మూడోది, ఆమెను అలా చేయలేని స్థితిలో పెట్టినవారి బాధ్యత. మీ కింద పనిచేసేవారికి వారి శక్తికి మించిన పని అప్పగించకండి, అప్పగిస్తే మీరూ వారికి సాయపడండి అన్న భావంతో దైవప్రవక్త (సఅసం) చేసిన హితోపదేశాన్ని హజ్రత్ అబూ జర్ (రజి) ఉల్లేఖించారు. పోస్టులు భర్తీ చేయవలసినవారు, వరద నెలల్లో అదనపు సిబ్బందిని పంపవలసినవారు, అడవి అంచుకు బదిలీ అయితే ఎలా తప్పించుకోవాలా అని చూసే చదువుకున్నవారు, వీరందరూ ఈ హదీసు ముందు నిలబడాలి. అధికారం పొంది నా సముదాయాన్ని ఇబ్బంది పెట్టినవానిని నీవూ ఇబ్బంది పెట్టు, మృదువుగా మెలిగినవాని పట్ల మృదువుగా మెలుగు అని దైవప్రవక్త (సఅసం) దుఆ చేసినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. కుర్చీలో కూర్చున్న ప్రతి ఒక్కరికీ వణుకు పుట్టించే దుఆ ఇది.

ఫిర్యాదు చేయడం ధర్మమే

హజ్రత్ ఖౌలా బిన్తె సఅలబా (రజి) తన భర్త చేసిన అన్యాయం గురించి దైవప్రవక్త (సఅసం) సమక్షానికి వచ్చి వాదించారు, అల్లాహ్‌కు మొరపెట్టుకున్నారు. ఇంటి మాట ఇంట్లోనే ఉంచుకో అని ఆమెకు చెప్పలేదు. ఆ స్త్రీ మాటను అల్లాహ్ విన్నాడన్న ప్రకటనతోనే సూరహ్ ముజాదిలా మొదలవుతుంది. ఆమె ఫిర్యాదు వల్ల అరబ్బు స్త్రీలను పీడిస్తున్న ఒక దురాచారానికి కళ్లెం పడింది. చెడు మాటను బహిరంగంగా పలకడం అల్లాహ్‌కు ఇష్టం లేదనీ, అన్యాయానికి గురైనవారికి మినహాయింపు ఉందనీ సూరహ్ నిసాలో కూడా ఉంది.

ఇంగ్లండు సంపన్న దేశం. అక్కడ ష్రూస్‌బరీ, టెల్‌ఫోర్డ్ ఆసుపత్రుల్లో బిడ్డలను పోగొట్టుకున్న రెండు కుటుంబాలు ఊరుకోలేదు. తమ లాంటి ఇతరుల వివరాలు సేకరించి ఆరోగ్య మంత్రికి రాశాయి. 2017లో విచారణ మొదలైంది. డోనా ఓకెండెన్ నాయకత్వంలో 2022 మార్చిలో వెలువడిన నివేదిక, మెరుగైన సంరక్షణ అంది ఉంటే 201 మంది శిశువులు బతికి ఉండేవారేమోనని తేల్చింది. సిబ్బంది కొరత ఒక కారణం, తల్లుల మాట వినకపోవడం మరో కారణం అని చెప్పింది. ఆ రెండు కుటుంబాలు ‘మా రాత ఇంతే’ అని కూర్చుంటే తర్వాతి తల్లుల సంగతి ఏమయ్యేది?

కనుక ఫిర్యాదు చేయండి, అయితే హద్దులు తెలుసుకుని చేయండి. ఏ రోజు, ఏ వేళ, ఎవరికి ఏం చెప్పారో, ఏం జవాబు వచ్చిందో కాగితం మీద రాయండి. చీటీలు, పరీక్షల కాగితాలు పారేయకండి. ముందు ఆసుపత్రి సూపరింటెండెంటుకు ఇవ్వండి. అక్కడ కదలిక లేకపోతే జిల్లా వైద్యాధికారులకు, సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజావాణిలో ఇవ్వండి. ఉన్నదానికి ఒక్క మాట కలపకండి, అది అబద్ధ సాక్ష్యం అవుతుంది. మంచి చేసినవారి పేరు కూడా అదే కాగితంలో రాయండి. మనుషులకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కు కృతజ్ఞుడు కాలేడని హదీసు. ఆసుపత్రి మీద దాడి చేయడం, సిబ్బంది మీద చేయి ఎత్తడం జుల్మ్. అలా చేసిన ఊరికి రేపు వచ్చే డాక్టరు కూడా రాడు.

మన వాటా ఎంత?

ఇంతవరకు ఇతరుల లెక్క చూశాం. మన లెక్క కూడా తీయాలి.

ముందు ఇల్లు. బద్ర్ యుద్ధానికి అందరూ బయలుదేరినప్పుడు హజ్రత్ ఉస్మాన్ (రజి) భార్య హజ్రత్ రుఖయ్యా (రజి) జబ్బుపడి ఉన్నారు. దైవప్రవక్త (సఅసం) ఆయనను ఆమె దగ్గరే ఉండమన్నారు. యుద్ధంలో పాల్గొన్నవారితో సమానంగా పుణ్యం, వాటా రెండూ ఆయనకు లభించాయి. భార్య పడక దగ్గర కూర్చోవడం బద్ర్‌తో సమానమైన చోట, తొమ్మిదో నెలలో భార్యను పుట్టింటికి పంపి ఫోనులో మాట్లాడి ఊరుకునే భర్త తన స్థానం ఎక్కడో ఆలోచించుకోవాలి.

తలనొప్పి తీవ్రమై చూపు మసకబారడం, ముఖం చేతులు వాయడం, రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, జ్వరం, ఫిట్సు, బిడ్డ కదలికలు తగ్గడం, ఇవి ‘రేపు చూద్దాం’ అనదగిన సంగతులు కావు. నెలలు నిండకముందే ఏ ఆసుపత్రి, ఏ బండి, ఎవరి రక్తం సరిపోతుంది, రాత్రివేళ ఎవరు తోడు వస్తారు అన్నవి నిర్ణయించుకోవాలి. వాగు పొంగే ఊళ్లలో ఉన్నవారు తేదీ దగ్గరపడకముందే ఇవతలికి చేరాలి. ఒంటె కాలు కట్టి ఆ తర్వాత తవక్కుల్ చేయమన్న బోధ ఇంటింటికీ తెలుసు. కాన్పు ఇంట్లో దాన్ని పాటించడమే తక్కువ.

తర్వాత సముదాయం. ఇమామ్ గజాలీ (రహ్మ) వైద్యాన్ని ఫర్జె కిఫాయాగా లెక్కించారు. అంటే సముదాయంలో సరిపడినంత మంది నేర్చుకుంటే అందరి బాధ్యతా తీరుతుంది. ఎవరూ నేర్చుకోకపోతే అందరూ దోషులవుతారు. తన కాలంలో ఎన్నో ఊళ్లలో ముస్లిం వైద్యుడే లేకపోయినా విద్యార్థులంతా ఫిఖ్హ్ వివాదాల వైపే ఎగబడుతున్నారని ఆయన ఇహ్యాఉల్ ఉలూమ్‌లో ఆవేదన చెందారు. తొమ్మిది వందల ఏళ్ల క్రితం చేసిన ఆ ఫిర్యాదు మదరసా నుండి వచ్చిన మాలాంటివారికి సూటిగా తగులుతుంది. కాన్పుల గదిలో పరదా పాటించే డాక్టరమ్మ ఉండాలని కోరుకుంటాం. మన ఆడపిల్ల నర్సింగు చదువుతానంటే మాత్రం ఒప్పుకోం. ఈ రెండూ కలిసి ఎలా నడుస్తాయి? కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. రాష్ట్రంలో నర్సులకు ప్రత్యేకంగా మిడ్‌వైఫరీ శిక్షణ ఇచ్చే ప్రయత్నం 2017లోనే ప్రారంభమైంది. దారి తెరిచి ఉంది. మన కూతుళ్లను ఆ గడప దాకా తీసుకెళ్లవలసింది మనమే.

హజ్రత్ ఉమర్ (రజి) ఒక రాత్రి మదీనా వెలుపల తిరుగుతుండగా ఒక గుడారం కనిపించిందనీ, లోపల బాటసారి భార్య నొప్పులు పడుతోందనీ, తోడు ఎవరూ లేరనీ చరిత్రకారులు రాశారు. ఆయన ఇంటికి వెళ్లి భార్య హజ్రత్ ఉమ్మె కుల్సూమ్ (రజి)ను నిద్రలేపారు. సామాను తానే మోసుకొచ్చారు. ఆమె లోపల కాన్పు చేస్తుంటే, ముస్లిముల ఖలీఫా బయట పొయ్యి ఊదుతూ వంట చేశారు. వారు ఎవరో ఆ బాటసారికి తెలియదు. రాజ్యాధికారి భార్యకు ఆ పని తక్కువ అనిపించలేదు. మన గోదావరి ఒడ్డుకు డోలీలో వచ్చే కోయ సోదరి కూడా అలాంటి బాటసారే. ఆమెకు తెలుగు సరిగా రాకపోవచ్చు, మన మతం కాకపోవచ్చు. మసీదు కమిటీలు ఆసుపత్రి ఆవరణలో తాగునీరు, కూర్చోవడానికి బల్లలు, రాత్రివేళ తోడు వచ్చినవారికి అన్నం ఏర్పాటు చేయడం ఎంత పని? గాయపడిన సహాబీ కోసం దైవప్రవక్త (సఅసం) మసీదులోనే గుడారం వేయించారు. సేవ మసీదు గడప దాటని పరాయి పని కాదు.

ఆ సోదరికి మా మాట

అమ్మా, మేము మీకు ఆలస్యంగా జవాబు చెబుతున్నాం. మీ కన్నీరు నాషుక్రీ కాదు. బిడ్డ కదలడం లేదని మీరు చెప్పినప్పుడు మీరు మీ అమానత్‌ను నెరవేర్చారు. వినవలసినవారు వినలేదు, అది వారి లెక్కలో ఉంటుంది. ఆ రాత్రి అన్నం తినకుండా నిలబడి మీ బిడ్డకు ఊపిరి అందించిన స్త్రీ కసిరింది కూడా. రెండూ నిజమే. ఆమెను క్షమిస్తే పుణ్యం మీది. క్షమించడానికి సమయం కావాలంటే అది కూడా మీ హక్కు. ఆమెను క్షమించినా, ఆ ఏర్పాటును ప్రశ్నించడం మాత్రం మానకండి. ఆ కాగితం రాయండి. మీకు అభ్యంతరం లేకపోతే రాయడంలో మేము సాయం చేస్తాం, ఆఫీసు దాకా మీ ఇంటాయనతో పాటు వస్తాం. మీ అత్తగారికి కూడా ఈ పత్రిక చదివి వినిపించండి. ఆమె మాట కూడా ప్రేమతో అన్నదే, ఆమె కాలంలో బిడ్డ దక్కడమే పెద్ద సంగతి.

అల్లాహ్ మన ప్రాంతంలోని ప్రతి గర్భవతికీ తేలికైన కాన్పు ప్రసాదించుగాక! అలసిన చేతులకు బలాన్నీ, కఠినమైన నాలుకలకు మృదుత్వాన్నీ, అధికారం ఉన్నవారికి దైవభీతినీ ఇచ్చుగాక! వినవలసిన చోట వినని మా తప్పును మన్నించుగాక! ఆమీన్.